బైండర్ల వరుసలో వసంతక్క

ఐర్లండ్‌లోని ఈ అత్లోన్‌లో ఏ ఇంటి చిమ్నీ నుంచైనా టర్ఫ్ అనే ఎండబెట్టిన మట్టి ఇంధనం కాలిన పొగ వాసన వస్తే నాకు వసంతక్క గొంతు వినిపిస్తుంది. లాక్‌డౌన్ చలికాలమంతా ఆ వాసన నిండిన అద్దెగదిలో కూర్చుని ఆమె మాటలు విన్నాను. ఇక్కడే ఎమ్మెస్ పూర్తిచేసి, ముఖాలు చూడకుండానే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. ఆమె మా టీమ్ లీడ్. సొంతూరు వరంగల్, కాపురం ఈ దేశంలోనే డ్రోహెడా పట్టణంలో.

రోగుల ఇళ్లకు వెళ్లే నర్సుల కోసం ఒక వెబ్ అప్లికేషన్ తయారుచేస్తున్నాం. అందులో వివరాలను పట్టే అచ్చును క్లాసు అంటాం; 'విజిట్' తల్లి క్లాసు. క్లినిక్ విజిట్, హోమ్ విజిట్ దాని పిల్ల క్లాసులు. ఇంటి చిరునామా హోమ్ విజిట్‌కే ఉంటుంది. ఫారంలో ఎన్నిసార్లు నింపినా ఆ చిరునామా సర్వర్‌కు చేరేసరికి మాయమయ్యేది. వివరాలను అందుకుని క్లాసులో నింపే మోడల్ బైండర్‌కు తల్లి క్లాసు ఒక్కటే తెలుసు. పిల్లలను కూడా గుర్తుపట్టేలా నేనొక బైండర్ రాశాను. అయినా ఫలితం లేదు. సోమవారం నుంచి నర్సులు దాన్ని వాడాలి. నా ప్రొబేషన్ కూడా ఆ వారమే ముగుస్తుంది. ఉద్యోగం పోతే వీసా సంగతేమిటో తలుచుకోవడానికే భయం.

శుక్రవారం పొద్దున ఆమెకు కాల్ చేసి స్క్రీన్ చూపించాను. తనే సరిచేసేస్తుందనుకున్నాను. ఆమె నెమ్మదిగా చదివి, "నువ్వు రాసింది మంచిగనే ఉన్నదమ్మా. గని నీ బైండర్ దాకా పని వస్తున్నదా?" అంది. బైండర్ల వరుసలో రిజిస్టర్ చేశానని చెప్పాను. "ఎవరి ఎనక?" అని అడిగింది.

చాలాసేపు ఆ వరుసనే చూశాను. నా బైండర్ అన్నిటికన్నా చివర ఉంది. ముందున్న మామూలు బైండరే పని అందుకుంటోంది, నాదాకా రానివ్వడం లేదు. దాన్ని మొదటికి తెచ్చి నడిపితే చిరునామా మొత్తం తెరమీద కనబడింది. "గ్రాండ్," అంది వసంతక్క, బాగుంది అనడానికి ఇక్కడివాళ్లు వాడే మాటతో.

ఆ కాల్ మధ్యలోనే ఒకసారి లేచి వెళ్లి వచ్చింది. ఆసుపత్రిలో నర్సుగా చేసే భర్తకు కోవిడ్ వచ్చిందని, మేడమీది గది గుమ్మం దగ్గర జావ పెట్టి వచ్చానని మామూలుగా చెప్పింది. ఇంత కష్టంలో నాతో ఇంతసేపు ఎందుకు, మీరే చేసేయొచ్చు కదక్కా అన్నాను.

"నేను చేస్తే జల్ది అయితుండె. రేపు నేను కూడ పడుకుంటే నువ్వు ఆగిపోవద్దు కద."

అన్నట్టే తరువాతి వారం ఆమెకూ జ్వరం వచ్చింది. అప్లికేషన్‌ను నేనే చూసుకున్నాను. నర్సులు సరైన గుమ్మాలకు వెళ్లారు. ఆమె, భర్త ఇద్దరూ కోలుకున్నారు. నా ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లు తప్పు దొరక్క తడబడుతుంటే, జవాబు నా నాలుక చివరే ఉంటుంది. మౌస్ వదిలి, చేతులు ఒళ్లో పెట్టుకుని, వాళ్లు కనుక్కునేదాకా కూర్చుంటాను.