ఉన్నవా, ఇన్నవా

మాఘమాసంలో గోదావరి ఎటు పారుతున్నదో చెప్పాలంటే ఒక ఆకు తెంపి నీళ్ల మీద వేసి చూడాలి. ఆ ఆకు కూడా తొందరపడదు. కాసేపు ఉన్నచోటే తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు దిగువకు కదులుతుంది. అట్లాంటి నీళ్ల మీద ఒక ఆదివారం పొద్దటి నుంచి పొద్దుగూకే దాకా పడవలో తిరిగాం.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి అప్పటికి నాలుగైదేళ్లయింది. నేను మంచిర్యాలలో ఉండి ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ని. రైళ్ల ఆలస్యం, చెరువు కట్టల మరమ్మతు, జాతరలు, గనుల్లో ప్రమాదాలు. ప్రమాదం వార్త వచ్చిన రోజు మా అక్క పేపర్‌ను చదవకుండానే మడిచి పెట్టేది. బావ బొగ్గు గనిలో సర్దార్.

సర్దార్ అంటే పేరు వినడానికి గొప్పగా ఉంటుంది. బొగ్గు పేల్చిన తరువాత అందరికంటే ముందు లోపలికి పోయి, పైకప్పు నిలుస్తుందో లేదో చూసి చెప్పే మనిషి ఆయన. ఆయన "పోండ్రి" అంటే ఇరవై మంది ఆ కప్పు కింద నిలబడి పని చేస్తారు. ఎట్లా చూస్తారని ఒకసారి వార్త కోసం అడిగితే నన్ను లోపలికి తీసుకుపోయాడు. చేతిలో నిలువెత్తు కర్ర, కొసకు ఇత్తడి పొన్ను. కుడిచేత్తో కర్ర పట్టి కప్పును కొట్టాడు. ఎడమచేతి వేళ్లు పక్కనే రాయికి ఆనించి పెట్టాడు. ఒకచోట గంట మీద కొట్టినట్టు ఖంగుమన్నది. నాలుగడుగుల అవతల అదే దెబ్బకు, పగిలిన కుండను తట్టినట్టు బొంగురుగా పలికింది.

"గిది డొల్ల. పొర ఇడిశింది," అన్నాడు బావ. "చెవి, చెయ్యి రెండూ ఒక్కటే మాట చెప్పాలె బామ్మర్ది. ఒకటి చెప్పి ఒకటి చెప్పకపోతే మనిషిని పంపొద్దు."

ఆ రెండు చప్పుళ్లు నా చెవిలో అట్లనే ఉండిపోయాయి. బావకు మాత్రం గని బయట కూడా ఆ అలవాటు పోయేది కాదు. గోడలు తట్టేవాడు, పుచ్చకాయలు తట్టేవాడు. వేసవిలో నీళ్లకు రంజన్ కుండ కొనాలంటే గని కాలనీ ఆడవాళ్లు ఆయన్నే సంతకు వెంటబెట్టుకొని పోయేవాళ్లు. పోయిన ఎండాకాలం ఆయన తట్టి ఏరి తెచ్చిన రంజన్ మూడో రోజే కారింది. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. అంతకుమించి ఎవరం ఆలోచించలేదు.

పడవ ఆలోచన అక్కది. దిగువన సున్నపురాయి గుట్టలు తెల్లగా నీళ్లలోకే దిగి ఉంటాయని, అక్కడ నది వెడల్పై పెద్ద మడుగు కట్టిందని ఎవరో ఆమెకు చెప్పారు.

"పెండ్లయి పన్నెండేండ్లాయె. గీ మనిషిని వెలుగుల చూసింది తక్వ," అన్నది. "ఒక్క పూటన్న తెల్లటి జాగల కూసోబెడ్త."

నేనూ సరేనన్నాను. ఆ రాయి సిమెంటుకు పనికొస్తుందేమోనని ఎవరో వచ్చి చూసి పోయారని చెప్పుకుంటున్నారు. ఆ గుట్టలు ఇంకా గుట్టలుగా ఉన్నప్పుడే ఒకసారి చూసి రాయాలనిపించింది.

నస్పూర్ దాకా ఎడ్లబండి, అక్కడి నుంచి రేవుకు నడక. అక్క, బావ, నేను, మాతో పాటు పక్క క్వార్టర్ మావుషి. చాందా వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. మరాఠీలో మావుషి అంటే చిన్నమ్మ. కాలనీలో ముసలివాళ్లు కూడా ఆమెను అట్లనే పిలిచేవాళ్లు. పడవ నడిపే ముసలాయన అప్పటికే గెడ పట్టుకొని మోకాలి లోతులో నిలబడి ఉన్నాడు.

బావ చేతిలో కర్ర చూసి మావుషి బుగ్గన వేలు పెట్టుకుంది. "అగ్గబాయి! గోదావరికి కప్పు యాడున్నది సర్దార్? ఆకాశాన్ని కొట్టి చూస్తవా?"

ముసలాయన నవ్వాడు, అక్క నవ్వింది. మా మొహాలు చూసి, కొంచెం ఆలస్యంగా, బావ కూడా నవ్వాడు.

పడవ కదిలింది. మంచు ఇంకా నీళ్ల మీదనే ఉంది. ఒడ్డు కనిపించేది కాదు. ఒడ్డు మీది తాటిచెట్ల తలలు మాత్రం దేనికీ ఆనకుండా గాలిలో నిలబడి ఉన్నట్టు కనిపించేవి. గెడ అడుగుకు తాకినప్పుడు ఇసుక కరకరలాడేది, తరువాత నీళ్లు జారిన చప్పుడు, మళ్లీ ఏమీ లేదు. కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి మమ్మల్ని దాటిపోనిచ్చింది. మావుషి కునికిపాట్లు పడింది. అక్క చేతిని నీళ్లలో వదిలేసి, వేళ్ల మధ్య నుంచి పోతున్న గీతల్ని చూస్తూ కూచుంది. నాకు నిద్రా కాదు, మెలకువా కాదు. ఏదో రాయాలని తెచ్చుకున్న కాగితాలు జేబులోనే ఉండిపోయాయి.

మంచు విడిచేసరికి గుట్టలు వచ్చేశాయి. అవి మా దగ్గరికే నడిచి వచ్చాయా అనిపించింది. ఏళ్ల తరబడి వరద నాకిన సున్నపురాయి, పొరలు పొరలుగా, మడిచిపెట్టిన ధోవతుల దొంతర లాగా నీటి అంచు దాకా దిగి ఉంది. నీళ్లలో ఇంకొక దొంతర తలకిందులుగా ఉంది. రెంటికీ మధ్య మా పడవ. నది అక్కడ రెండు వైపులా వెనక్కి జరిగి, పెద్ద తాంబాళంలో పోసినట్టు కదలకుండా ఉంది.

"గిది పలుకుగుట్ట," అన్నాడు ముసలాయన గెడ ఆపి. "పడవ వచ్చినప్పుడల్లా పలకరించి పోవాలె. నేను 'ఉన్నవా' అని అడుగుత. గుట్ట మూడుసార్లు మనల్నే అడుగుతది. మూడోది అయిపోయినంక మనం 'ఉన్నం' అనాలె. అప్పటిదాక ఎవలు నోరు తెరవొద్దు. పెద్దోళ్ల మాటకు అడ్డం పోయినట్టు."

అని, చేతులు నోటి దగ్గర దొప్ప చేసి, కీచుగొంతుతో సాగదీసి పిలిచాడు.

"ఉన్నవా...?"

పిలుపు మడుగు మీదుగా జారిపోయింది. గుట్ట ఊపిరి తీసుకుంటున్నట్టు ఒక క్షణం. అందరం చెవులు అటే పెట్టాం. సరిగ్గా అప్పుడే, విన్నావా అని అడిగితే జవాబు చెప్పినట్టు, బావ గట్టిగా అన్నాడు.

"ఇన్న, ఇన్న!"

గుట్ట మాట ఆయన మాట కింద పడిపోయింది.

మావుషి పొట్ట పట్టుకొని నవ్వింది. "గుట్ట ఉన్నవా అంటే, ఈయన ఇన్న అంటడు! సర్దార్, నిన్నెవలు అడిగిన్రు?"

"తాత అడిగిండు గద, ఇన్నవా అని," అన్నాడు బావ. ఇప్పుడు ఆయనే తికమకపడ్డాడు.

ముసలాయన నొచ్చుకున్నాడు గానీ మళ్లీ పిలిచాడు. మొదటి మారుపలుకు వచ్చింది, స్పష్టంగా, ఎవరో ఆడమనిషి గుట్ట వెనక నుంచి అడిగినట్టు. రెండోది వస్తుండగా బావ మళ్లీ అందుకున్నాడు.

"అరె, ఇన్న అంటున్న గద తాతా! ఎన్నిసార్లడుగుతవ్?"

మావుషి నవ్వుతూనే ఉంది. అక్క నవ్వడం లేదు. నీళ్లలోంచి చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంటూ బావ మొహం వైపు చూస్తున్నది. ఆమె చూపు వెంట నేనూ చూశాను. గుట్ట మాట్లాడుతున్న వైపు బావ ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన కళ్లు మా పెదవుల మీద ఉన్నాయి.

మధ్యాహ్నం అన్నాలకు ముసలాయన పడవను ఒక చరియ కింద కట్టాడు. రాయి చూరు లాగా ముందుకు వచ్చి ఉంటుంది, కింద ఇసుక, చల్లటి నీడ. అక్క సర్వపిండి, జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు మూట విప్పబోయింది.

"జర ఆగుండ్రి," అన్నాడు బావ. "కప్పు కింద ఊకెనె కూసుంటరా?"

చూరు చివర నిలబడి కర్ర ఎత్తాడు. ఎడమ అరచేయి రాయికి ఆనించాడు. కళ్లు మూసుకొని కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

బొంగురు చప్పుడు. పగిలిన కుండ.

బావ కళ్లు తెరిచి తృప్తిగా తల ఊపాడు. "గట్టిగున్నది. మంచిగ కూసోండ్రి."

నేను వార్తలు రాసే మనిషిని. ఎవరేమన్నారో అదే రాయాలి, నాకు తోచింది కలపకూడదు అని నేర్పారు. ఆ క్షణం నాకు రెండు మాటలు వినిపించాయి, బావది ఒకటి, రాయిది ఒకటి. రెంట్లో దేన్ని ఒప్పుకోవాలో తేల్చుకోవడానికి నిమిషం పట్టలేదు.

"ఇక్కడ చలి పెడుతుంది అక్కా. అటు ఎండలో కూచుందాం," అన్నాను.

"నీడ ఇడిశి ఎండకు పోతడట! పేపరోళ్లకు బుర్ర ఉల్టా ఉంటది," అన్నది మావుషి. కానీ అక్క అప్పటికే మూట ఎత్తుకొని ఎండలోకి నడిచింది.

తిన్నాం. మావుషి కొంగు మొహం మీద కప్పుకొని పడుకుంది. ముసలాయన పడవలో నడుం వాల్చాడు. తెల్లటి రాయి మీద ఎండ పడి, ఆ వెలుగు నీళ్ల మీద, నీళ్ల వెలుగు మళ్లీ రాయి మీద పడి ఆడుతున్నది. చూస్తుంటే రాయే నెమ్మదిగా పారుతున్నట్టు, నది ఆగి చూస్తున్నట్టు ఉంది. అంత మంచి జాగాలో, బావ కర్రను మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకొని నా పక్కకు జరిగాడు.

"బామ్మర్ది. నువ్వు ఇన్నవా?"

దేని గురించి అని నేను అడగలేదు. ఆయన నా పెదవులు చూస్తున్నాడు.

"విన్నాను బావా."

"డొల్లనా?"

"డొల్లనే."

చాలాసేపు చరియ వైపు చూశాడు. తరువాత తన ఎడమచేతిని తిప్పి, అరచేతిని, మళ్లీ మీది వైపును చూసుకున్నాడు, ఎవరిదో వస్తువు చూసినట్టు.

"గీ చెయ్యి గట్టిగున్నదనే చెప్పింది," అన్నాడు. "ఆరేడు నెలల సంది చెవి ఇడిశిపెట్టి చేతినే అడుగుతున్న. దగ్గర కూసొని మాట్లాడితే అందుతది, పెదవులు చూస్తే అందుతది. కప్పుకు పెదవులుండయి గద."

"అక్కకు తెలుసా?"

"నేను చెప్పలే. సర్దార్ గిరి పోతే ఏమంటరో అని." కర్రను సవరించుకుంటూ అన్నాడు, "పొద్దున తాత పిలిస్తే, అందరి ముంగట 'ఇన్నవా' అని అడిగిండు అనుకున్న. ఈ మధ్యన ఎవలు ఏమడిగినా నాకు గట్లనే ఇనిపిస్తది."

రేపు మొదటి షిఫ్టు ఆయనదే అని నాకు తెలుసు. ఇరవై మంది. ఆయనకూ తెలుసు. తాత లేచి గెడ అందుకునే దాకా ఆ చరియనే చూస్తూ కూచున్నాం. అది పడలేదు. ఆ తరువాత ఎప్పుడైనా పడిందో, ఇప్పటికీ అట్లనే ఉన్నదో నాకు తెలియదు.

తిరుగు ప్రయాణంలో నీళ్లు పసుపురంగుకు తిరిగాయి. ఎదురు నీళ్లే అయినా ఎదురు అనిపించలేదు, అంత మెత్తగా వచ్చాం. పలుకుగుట్ట దగ్గర ముసలాయన గెడ ఆపి, దొప్ప చేసుకోబోయాడు.

"తాతా, గీసారి నేను పిలుస్త," అన్నాడు బావ.

"పిలువు గని, మాటకు అడ్డం పోకు బిడ్డా."

బావ లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది. అక్క తాను కూడా లేచి ఆయన ఎడమచెయ్యి పట్టుకుంది. పది మందిలో ఆమె అట్లా చెయ్యి పట్టుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఉన్నవా...?"

గనిలో పిలిచే గొంతు అది. మడుగు నిండిపోయింది. గుట్ట నుంచి మొదటిది వచ్చింది. అక్క వేళ్లు బావ అరచేతిలో ఒకసారి నొక్కాయి. రెండోది, కొంచెం దూరం నుంచి. అక్క మళ్లీ నొక్కింది. మూడోది దాదాపు లేదు, నీళ్ల మీద మంచు ఉన్నంత. అక్క నొక్కి, వదలకుండా పట్టుకుంది.

అంటే ఆమెకు పొద్దటినుంచే తెలుసు.

ఇప్పుడు మేము "ఉన్నం" అనాలి. ముసలాయన బావకోసం ఆగాడు. అందరం ఆగాం. బావ గుట్ట వైపు కాకుండా అక్క వైపు తిరిగి, మామూలు గొంతుతో అన్నాడు.

"ఇనలే."

ఆ మాట చిన్నగా అన్నందువల్ల గుట్ట దాన్ని తిరిగి చెప్పలేదు. "ఉన్నం" అని మా అందరి తరఫున ముసలాయనే అన్నాడు, గెడ వేశాడు.

నేను ఆ వారం తెల్లగుట్టల గురించి ఒక చిన్న వ్యాసం రాసి పంపాను. అందులో నది ఉంది, కొంగ ఉంది, రాయి పొరలు ఉన్నాయి. బావ లేడు. ఆయన మాత్రం సోమవారం తెల్లవారగానే, షిఫ్టు సైరన్ కంటే ముందు, మెడలో మఫ్లరు చుట్టుకొని, తన పైన ఉండే ఓవర్‌మెన్ దగ్గరికి పోయాడు. కర్రను ఆయన బల్ల మీద పెట్టి, గుట్ట ముందు అక్కతో అన్న మాటే అన్నాడు.