కుండోడు తిరిగొచ్చిన సినిమా

బొమ్మల సీరియల్‌కు రెండో సీజన్ తీయబోవడం లేదని దాన్ని తీసిన కంపెనీ ప్రకటించినట్టు నిన్న ఉదయం మా పేట వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. వచ్చిన మరుక్షణం నుంచి అభినందనలు మొదలయ్యాయి. అభినందించుకున్నది ఒకరినొకరు. నాలుగు నెలలుగా తాము తిట్టిన తిట్లన్నీ సముద్రాలు దాటి, ఎక్కడో చలిదేశంలో కూర్చున్న పెద్దమనుషుల చెవిన పడ్డాయనీ, వాళ్ళు సిగ్గుతో దుకాణం కట్టేశారనీ మా వాళ్ళ నమ్మకం. విడవలూరు మండలంలో ఉప్పుగాలికి తలుపుల గొళ్ళాలు తుప్పుపట్టే ఒక చిన్న పేట కోపానికి అంత దూరం ప్రయాణించే శక్తి ఉంటే, ఇరవయ్యేళ్ళుగా తిడుతున్న మా రోడ్డు ఎందుకు బాగుపడలేదో ఎవరూ అడగలేదు. గ్రూపు నడిపేది మా బావమరిది. ముత్తుకూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఉద్యోగం. "మనం సాధించినాం" అని రాసి, దాని కింద చప్పట్లు కొట్టే చేతులను బారుగా పేర్చాడు.

సంగతి తెలియనివారికి మొదటినుంచీ చెప్పాలి. మా చిన్నతనంలో ఒక విదేశీ సినిమా ఉండేది. అందులో మనుషులు లేరు, అన్నీ బొమ్మలే. గంట మూగబోయి పొద్దు కదలకుండా నిలిచిపోయిన దేశం, దాన్ని ఏలే కొమ్ముల దొరలు, ఆ గంటను మళ్ళీ మోగించడానికి బయలుదేరిన పొడుగుచెవుల పిల్ల, ఆ పిల్లకు తోడుగా కుండలాంటి మొహమూ అంతకంటే పెద్ద కుండలాంటి పొట్టా ఉన్న ఒక పొట్టివాడు. సినిమావాళ్ళు వాడికేదో నోరు తిరగని పేరు పెట్టారు. మా పేటకు వాడు కుండోడు. లోకం మొత్తం గొప్ప సినిమా అని ఒప్పుకున్న ఆ కథకు ముందు ఏం జరిగిందో చూపిస్తామంటూ, ఇన్నేళ్ళ తరువాత, అలాంటి బొమ్మలతోనే పది భాగాల సీరియల్ తీసి, తెలుగు మాటలు కూడా పెట్టి ఫోన్లలోకి వదిలారు. అక్కడితో మా పేటకు శాంతి పోయింది.

అభిమానులన్న జాతిని నేను అంతకు ముందు దగ్గరగా చూడలేదు. చూశాక, దూరంగా ఉన్నప్పుడే వాళ్ళమీద కాస్త గౌరవం ఉండేదని తెలిసింది. మా బావమరిది మొదటి భాగాన్ని సగం చూసి, పది భాగాలమీదా తీర్పు రాశాడు. సగమే చూశావు కదా అంటే, "కూడు ఉడికిందా లేదా అంటే తపేళా అంతా తినాల్నా బావా" అన్నాడు. నెల్లూరులో బట్టలకొట్టు ఉన్న ఒక పెద్దాయన అసలు చూడనే లేదు. చూస్తే తన బాల్యం చెడిపోతుందని భయమట. చెడిపోకుండా కాపాడుకోవలసినంత బాల్యం ఆయనకు ఉందని మాకెవరికీ తెలియదు. ఇదంతా మన తోలుబొమ్మలాటను చూసి కాపీ కొట్టిందేనని ఒకాయన పరిశోధన చేశాడు. ఇందులో పాటలు లేవని ఒకావిడ, కుండోడి పొట్ట తగ్గిందని ఇంకొకావిడ ఫిర్యాదు చేశారు. ఇంతమందిలో ఎవరికీ సీరియల్ నచ్చలేదు; ఒక్క భాగమైనా వదిలిపెట్టినవాళ్ళు మాత్రం ముగ్గురు నలుగురికి మించి లేరు. తిట్టడానికి మరుసటి భాగం కోసం అంత ఆత్రంగా ఎదురుచూడటం ఎలాంటి ఆనందమో నాకు ఈనాటికీ బోధపడలేదు.

ఆరో భాగంలో అసలు గొడవ వచ్చింది. ఒక ముసలి సోదెబొమ్మ, పసివాడుగా ఉన్న కుండోడి నుదుటిమీద వేలు పెట్టి, "వంతెన దగ్గర నీ చేయి వదులుతుంది. ఆపైన నీకు దారి లేదు" అంటుంది. ఇది చూసి గ్రూపు భగ్గుమంది. సినిమాలో కుండోడు వంతెన మీదనుంచి పడిపోయినా చచ్చిపోడు కదా, కడాన పడవ మోసుకుని తిరిగి వస్తాడు కదా, తీసినవాళ్ళు తమ సినిమా తామే చూడలేదా అని. అందరికంటే పెద్ద గొంతు మా పేట చెల్లెలిది. సొంత చెల్లెలు కాదు. మా ఇంటికి రెండిళ్ళవతల పుట్టి నన్ను అన్నా అని పిలిచే మనిషి. ఇప్పుడు ముత్తుకూరు రోడ్డులో, పోర్టుకు పోయే లారీల డ్రైవర్లకు టిఫిన్ హోటలు నడుపుతున్నది. ఆమె రాయదు, దోసెపెనం చప్పుడు వెనక వినిపిస్తుండగా మాట్లాడి పంపుతుంది. "కుండోడు సచ్చేదేంది. నేను చూసినా నా కండ్లతో. పడవ ఎత్తుకోని రాలా? ఈళ్ళు యాడోళ్ళు, ఏం తెలుసు ఈళ్ళకి."

ఆ సినిమాను మా పేట చూసిన విధం నాకు బాగా గుర్తు. పదిహేనేళ్ళ వయసునుంచి నేను తేదీవారీగా డైరీ రాసే మనిషిని, ఆనాటి పేజీలో "బొమ్మల సినిమా. యేసు చరిత్ర కాదు" అని రెండు వాక్యాలున్నాయి. క్రిస్మస్ వారంలో మా చర్చి హాల్లో యేసు చరిత్ర చూపిద్దామని నెల్లూరునుంచి టీవీ, వీసీఆర్ బాడుగకు తెచ్చారు. కొట్టువాడు పెట్టెలో వేరే క్యాసెట్టు పెట్టి ఇచ్చాడని, అది తిరగడం మొదలయ్యాక గాని తెలియలేదు. పాస్టరుగారు వేరే ఊరి కూటానికి పోయి ఉన్నారు. జనం చాపలమీద కిక్కిరిసి కూర్చున్నారు. తెరమీద కొమ్ముల దొరలు కనబడగానే ఇద్దరు ముసలమ్మలు తలమీద కొంగు కప్పుకుని ప్రార్థనకు వంగారు. ఆపేస్తే బాడుగ దండగ, పిల్లలు ఏడుస్తారు. అప్పుడు మా మేనత్త లేచింది. సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పేది ఆమే గనక పేట అంతటికీ టీచరమ్మ. బల్లమీద పాఠాలు చూపించే బెత్తం తీసుకుని టీవీ పక్కన నిలబడింది. "వీళ్ళు బైబిల్లో చెడ్డరాజు ఫరో మనుషులనుకోండి" అంది. అనుకున్నారు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. సినిమా ఇంగ్లీషులో ఉంది. మా అత్తకు ఇంగ్లీషు రాదు. నాలుగు కీర్తనల మొదటి పంక్తులు వచ్చు, అవి కూడా రాగం సాయంతో. అయినా ఆమె ఒక్క క్షణం తడబడకుండా, ఎవరు ఎవరితో ఏమంటున్నారో, ఎందుకంటున్నారో, వాళ్ళ తాతలకూ వీళ్ళ తాతలకూ ఉన్న పాత పగ ఏమిటో చెప్పుకుపోయింది. మా పేట గుండెల్లో దాచుకున్న గొప్ప సినిమా ఆమె నోటినుంచి వచ్చిందే. అభిమానులు నాలుగు నెలలు కాపలా కాసింది దానికే.

వోల్టేజీ పడిపోతే పెంచడానికి నన్ను టీవీకి రెండో పక్కన స్టెబిలైజర్ దగ్గర కూర్చోబెట్టారు. అందువల్ల ఆమె మొహం నాకు ఎదురుగా ఉండేది. తాళ్ళ వంతెన తెగే చోట, మిగిలినవాళ్ళు దాటేదాకా తాడు పట్టుకుని నిలిచి, కుండోడు లోయలో పడిపోయాడు. ముందు వరసలోంచి మా చెల్లెలు లేచి నిలబడింది. అప్పటికి ఏడేళ్ళుంటాయి. "వాడు సచ్చిపోయినాడా టీచరమ్మా" అని అడిగింది. ముందు నెల తుపానులో ఆ పిల్ల నాయన ఎక్కిన పడవ తిరిగి రాలేదు. వాళ్ళమ్మ ఇంకా రోజూ తెల్లవారి రేవుకు పోయి నిలబడి వస్తున్నది. ఆమె కూడా ఆ చాపమీదే ఉంది. మా అత్త తెరవైపు చూసింది, పిల్లవైపు చూసింది. "లేదమ్మా, వాడు పడవ తెచ్చేదానికి పోయినాడు. కడాన వస్తాడు, కూర్చోని చూడు" అంది.

ఆ మాట అనేశాక ఆమె పడ్డ అవస్థ నేనొక్కడినే చూశాను. అంతకు ముందు చూడని సినిమా అది. అందులోనుంచి, అది అయిపోయేలోగా, పోయినవాణ్ణి పట్టి తేవాలి. ఒకవైపు కథ చెబుతూనే ప్రతి బొమ్మనూ కళ్ళతో వెతుకుతున్నది; చలికాలంలో నుదురంతా చెమట. గంట మోగింది, పొద్దు కదిలింది, ఆ దేశపు ప్రజలంతా గుట్ట ఎక్కుతున్నారు. ఇంకొక్క నిమిషంలో ముగుస్తుందనగా, గుంపు వెనక వీపుమీద ఏదో పెద్దది బోర్లించుకుని పోతున్న ఒక బొమ్మ కనబడింది. బెత్తం వెళ్ళి టక్కున తెరకు తగిలింది. "అదిగో, పడవ మోసుకోని వస్తుండాడు చూడు." హాలంతా చప్పట్లు. క్యాసెట్టు అరిగిపోయి, తెర నిండా వాన కురిసినట్టు గీతలు. అది పడవ కాదని నేను కూడా అనుకోలేదు.

గొడవ మొదలయ్యాక నేను ఆ పాత సినిమాను కొని, కింద తెలుగు అక్షరాలు పెట్టుకుని రెండుసార్లు చూశాను. కుండోడు రాడు. గ్రూపులో మర్యాదగా ఒక వాక్యం రాశాను: "సినిమాలో కుండోడు తిరిగి రాడు." అభిమానులు తమ ప్రేమకు పెట్టిన పేరు ఏదైనా కావచ్చు, ఆ ఒక్క వాక్యానికి నాకు ముట్టిన జవాబులు మాత్రం ప్రేమ గలవారివి కావు. "అన్న సదువుకున్నోడు గదా, కిందుండే అచ్చరాలు సదవతా పైన బొమ్మ సూసుండడు" అని చెల్లెలు వాయిస్ పంపింది. చివరికి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో సినిమా చూపించాలనీ, టీచరమ్మే తీర్పు చెప్పాలనీ తీర్మానించారు.

శనివారం పొద్దున అత్త ఇంటికి వెళ్ళాను. చర్చి వెనక వీధిలో, చేటలో బియ్యం పోసుకుని ఏరుతూ ఉంది. విషయం చెప్పాను. తన తప్పు తనే చెప్పేస్తే సభలో చూపించే పని ఉండదని కూడా అన్నాను.

"చూపించబ్బయ్యా. చూపించకపోతే నీకు నిద్ర పడతాదా" అంది. ఒక వడ్లగింజ ఏరి పారేసి, "ఆ పిల్ల వస్తాదా" అని అడిగింది.

"వస్తుంది. హోటలు మూసి వస్తానంది."

"ఆ బొమ్మ… వీపు తిప్పుకోనే పోతాదా, మొగం ఇటు తిప్పతాదా?"

"తిప్పుతుంది."

అత్త చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్ళూ ఆమె కూడా సగం నమ్మే ఉందని నాకు అప్పుడు తెలిసింది. "ఒకరికి మాటిచ్చినాను రా. వాళ్ళ కండ్లముందరే ఎనక్కి తీసేసుకోవాల అంటే ఎట్ట" అంది. నిజం నిజమేనని నేనన్నాను. ఇప్పటికీ అంటాను.

ఆదివారం మధ్యాహ్నం కిటికీలకు టార్పాలిన్లు కట్టి, గోడమీద సినిమా వేశారు. అభిమానులందరూ వచ్చారు, బాల్యం చెడిపోతుందన్న బట్టలకొట్టు పెద్దాయన కూడా వచ్చి, ముందు కుర్చీలో కూర్చున్నాడు. అత్తను మధ్యలో కూర్చోబెట్టారు, పక్కన చెల్లెలు. వంతెన తెగింది, కుండోడు పడ్డాడు. ఎవరూ బెంగపడలేదు, ఎందుకంటే వస్తాడు కదా. గంట మోగి పొద్దు కదిలాక, చివరికి గుట్ట, గుంపు, ఆ వెనక బొమ్మ. ఇప్పటి ప్రింటులో దారప్పోగుతో సహా కనబడుతున్నది. వీపుమీద ఉన్నది అల్లిన గంప. బొమ్మ మొహం తిప్పింది. పెద్ద నోరు, ముక్కుకు కడియంలాంటి పోగు ఉన్న ఆడమనిషి. అయిపోయింది.

లైట్లు వేశారు. నేను గెలిచాననే అనుకున్నాను. తరువాత మా బావమరిది లేచాడు. "చూసినారా. తీసేసినారు. సోదెబొమ్మ మాట నిజం చెయ్యాలని పాత సినిమాలో కుండోడిని కోసేసి, ఎవత్తినో పెట్టినారు." అంతే. హాలంతా ఊపిరి పీల్చుకుంది. అవును, కంప్యూటర్లో ఏమైనా చేస్తారు అన్నారు. పాత క్యాసెట్టు ఎవరి దగ్గరైనా ఉంటే కోర్టులో వేయవచ్చన్నాడు పెద్దాయన. కళ్ళు చూసినదాన్ని నోరు కాదనడానికి ఇంత తక్కువ సమయం పడుతుందని నేనెన్నడూ ఊహించలేదు. మూర్ఖత్వానికి నేనిచ్చే మార్కులు ఏనాడూ తక్కువ కావు. ఆ రోజు ఆ మార్కులు వేయడానికి కాగితం చాలలేదు.

చెల్లెలు మాత్రం వాళ్ళతో కలవలేదు. "అన్నా, ఆ గంపకాడికి ఎనక్కి పోనీ. నిలబెట్టు" అంది. నిలబెట్టాను. గోడ దగ్గరికి పోయి చాలాసేపు చూసింది.

"ఇదేనా టీచరమ్మా, నువ్వు చూపించింది?"

"ఇదేనమ్మా" అంది అత్త. "ఆ పొద్దు పడవ మాదిరే కనపడింది."

"గంప."

"గంపే."

చెల్లెలు తల ఊపింది. అత్త చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. "ఆ రాత్రి మాయమ్మ అన్నం తినింది" అంది చెల్లెలు, గోడవైపే చూస్తూ. "తుపాను కాడ్నించి సరిగ్గా తినలా. వాడొచ్చినాడు గదమ్మా, నేను చూసినా గదా అని నేనే కలిపి పెట్టినా. తినింది." వెనక్కి వచ్చి, అత్త చెయ్యి పట్టుకుని లేపింది. "పద, టీ తాగుదాం. మా హోటల్ టీ ఎట్టుంటాదో చూద్దువు."

మర్నాడు తెల్లవారి, దోసెపెనం చప్పుడు వెనక వినిపిస్తుండగా, గ్రూపులో అందరికంటే ముందు ఆమె గొంతే వచ్చింది. "కుండోడిని కోసేసినోళ్ళకి సిగ్గుండాల. మేం కండ్లతో చూసినోళ్ళం." గంపను నా ఎదుట నిలబెట్టించి చూసిన మనిషే. జవాబు టైపు చేయడం మొదలుపెట్టి, దోసెపెనం చప్పుడు విన్నాక ఫోను బల్లమీద పెట్టేశాను. నిన్నటి విజయోత్సవంలో కూడా చివరి మాట ఆమెదే: "ఇంక వాడి జోలికెవుడూ రాడు."

అభిమానుల మీద నా అభిప్రాయంలో మార్పు లేదు. నిన్నటి తేదీ కింద డైరీలో, కుండోడు తిరిగి రాడని మరొకసారి రాసుకున్నాను. జరిగిపోయినదానికి ముందుకథను తరువాత తయారుచేసి అమ్ముకోవడం ఆ చలిదేశపు కంపెనీ కనిపెట్టిన తెలివి అనుకున్నాను గాని, మా పేట అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, ఒక అరిగిన క్యాసెట్టు ఆగిపోయేలోగా, పోయినవాడు తిరిగొచ్చే కథను తనకోసం తయారుచేసుకుంది.