బొటనవేలు లేని గ్లౌజు

పాసయ్యాను. ముందు ఆ మాట చెప్పేస్తాను, లేకపోతే మిగతాది చెప్పలేను. హైదరాబాద్‌లో ఎంబీఏ, సస్టైనబుల్ బిజినెస్ అనే కోర్సు. మా ఇంట్లో నాకు ముందు పదో తరగతి దాటినవాళ్ళు లేరు. ఫలితం వచ్చిన పొద్దున హాస్టల్ వాచ్‌మన్‌కి చెప్పాను, వీధి చివర ఇస్త్రీ బండి ఆయనకి చెప్పాను, సిటీ బస్సులో పక్కన కూర్చున్నావిడ అడక్కపోయినా చెప్పాను. ఏం కోర్సమ్మా అంది. మనుషులకీ నేలకీ నష్టం లేకుండా వ్యాపారం ఎలా చెయ్యాలో నేర్పే చదువండీ అన్నాను. "దానికి కూడా చదువుందా?" అని, తన స్టాపు రాగానే దిగిపోయింది.

ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాను. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇస్తే పెదవి మన పెదవి కానట్టు ఉంటుందే, ఆ నవ్వు అలా ఉంది. అందరికీ చెప్పినదాన్ని అమ్మకి ఫోన్ చెయ్యడానికి మాత్రం మధ్యాహ్నం దాకా ఆగాను. ఎందుకు ఆగానో తెలియాలంటే గ్లౌజుల సంగతి చెప్పాలి.

మా అమ్మ గుంటూరు బయట, ఒక కోల్డ్ స్టోరేజీ పక్కనున్న రేకుల షెడ్డులో మిరపకాయలకి ముచ్చికలు తీస్తుంది. ముచ్చిక అంటే కాయకి ఉండే తొడిమ. మంచి రకం కారం పట్టే కాయకి అది ఉండకూడదు. బొటనవేలి గోరు ముచ్చిక మొదట్లో ఆనించి, చూపుడువేలితో పట్టుకుని తిప్పితే టప్పున ఊడుతుంది. ఒక్కొక్క కాయా అలాగే తీయాలి. దర్శి దగ్గర పల్లె నుంచి మేం గుంటూరు వచ్చిందే ఈ పని కోసం. పనిలో ఉన్న నెలల్లో అమ్మ నా మొహం ముట్టుకునేది కాదు. ఎత్తుకోవాలంటే మణికట్లతో ఎత్తుకునేది. జడలు నాన్న వేసేవాడు, రెండూ రెండు పొడవులు. ఇప్పుడు అమ్మ వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. టీ గ్లాసు వేడిగా ఉందో లేదో మోచేతికి ఆనించుకుని చూస్తుంది.

ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు చెయ్యాలి. నేను అమ్మ పని గురించి చెబితే క్లాసంతా నావైపు తిరిగింది. మా మేడమ్ "నీ దగ్గరే అసలు విషయం ఉంది" అంది. అంతవరకు ఆ క్లాసులో నా దగ్గర ఏదైనా ఉందని ఎవరూ అనలేదు. ఆ ఊపులో గ్లౌజులు అన్నాను. చేతులు కాలుతున్నాయి, గ్లౌజులు ఇస్తే కాలవు. సమస్య, పరిష్కారం, ఫలితం అని స్లైడు మీద మూడు గడులు గీశాను, చాలా బాగా వచ్చింది. కారం ఎగుమతి చేసే ఒక కంపెనీ ఒప్పుకుని నీలం రబ్బరు గ్లౌజులు డబ్బాల్లో అమ్మ షెడ్డుకి పంపింది. రెండు వారాలు వాడి చూస్తారు. బాగుంటే ఆ కంపెనీలోనే నాకు ఉద్యోగం. ఇదంతా అమ్మకి చెప్పాను.

గోరు సంగతి నాకు తెలియక కాదు. పదో తరగతి సెలవుల్లో నేనూ ఆ షెడ్డులో కూర్చుని ముచ్చికలు తీశాను. గోరు తగలకపోతే ముచ్చిక రాదు. ఆ సంగతి మర్చిపోయానని చెబితే అబద్ధం. నేను గీసిన మూడు గడుల్లో గోరుకి చోటు లేదు, అంతే.

రోజూ సాయంత్రం ఫోన్‌లో అడిగేదాన్ని, ఎలా ఉన్నాయని. "బ్రహ్మాండంగా ఉన్నాయే. మంటే లేదు" అనేది అమ్మ. ఆ మాటని ఇంగ్లిష్‌లోకి మార్చి రిపోర్టులో రాసుకునేదాన్ని.

ఆఖరి రోజు చెప్పకుండా వెళ్ళాను. షెడ్డులో ఘాటుకి గుమ్మంలోనే దగ్గొచ్చింది. ఆ దగ్గు విని గోనెపట్టాల మీద కూర్చున్న ఆడవాళ్ళంతా తలెత్తి, నన్ను చూసి చేతులు ఒళ్ళో దాచుకున్నారు. అందరికీ నీలం గ్లౌజులే. మా పక్కింటి పిన్ని ఒక్కతే దాచుకోలేదు. ఆమె గ్లౌజుకి బొటనవేలు, చూపుడువేలు ఉండేచోట చివర్లు లేవు. కోసేసుకుంది. ఒక్కొక్కళ్ళవీ చూశాను. అందరివీ అంతే.

అమ్మవి మాత్రం కొత్తవిలా ఉన్నాయి. అందరి ముందూ ముచ్చిక తీసిన కాయ మోకాలెత్తు కుప్పలుంటే అమ్మ ముందు చేటెడుంది.

"ఈవిడగారికి నువ్వైనా చెప్పమ్మా. రెండు వారాల్నించి ఆ తిత్తులు తొడుక్కుని కాయని బతిమాలతా కూర్చుంది" అంది పిన్ని.

"నోరుముయ్యవే. పిల్ల పరీక్ష అది" అంది అమ్మ.

"పిల్ల పరీక్ష పిల్ల రాయాలిగానీ నువ్వు రాస్తావేంటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డ మేస్త్రి నా దగ్గరికొచ్చి మెల్లిగా, "చదువుకున్నదానివి, అర్థం చేసుకో తల్లీ. సాయంత్రానికి ఒక టిక్కీ కూడా నిండకపోతే ఆ పట్టా మీద ఇంకొకళ్ళని కూర్చోబెట్టమంటన్నారు పైవాళ్ళు. నీ మొహం చూసి ఇన్నాళ్ళు ఆపాను. రేపట్నించి నావల్ల కాదు" అన్నాడు. టిక్కీ అంటే మా దగ్గర మిరపకాయ బస్తా.

నేను అమ్మ పక్కన కూర్చున్నాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే రాసేస్తావుగా. చిన్నప్పట్నించీ అంతేగా నువ్వు, చూసింది చూసినట్టు వాగేస్తావు. రాస్తే ఆళ్ళు పాస్ చేస్తారా?"

"తెలీదమ్మా."

"మరి నోరు మూసుకుని పో. ఇయ్యాళ్టితో అయిపోద్దిగా."

"ఇవాళ్టితో అవ్వదు. బాగున్నాయని రాస్తే ఎప్పటికీ ఇవే తొడుక్కోమంటారు. అందరినీ. కోసుకోనివ్వరు కూడా."

ఈ మాట అన్నాక గాని అది నిజమని నాకు తట్టలేదు. పిన్ని చెయ్యి ఆగింది. బస్తా కుట్లు కోసే బ్లేడు ఆమె పట్టా కింద ఉంది. అడిగాను, ఇచ్చింది. అమ్మ కుడిచెయ్యి పట్టుకున్నాను.

"వద్దే. కోస్తే నీ ఉద్యోగం పోద్ది."

"కోయకపోతే నీ పని పోద్ది."

చెయ్యి లాక్కుంటుందనుకున్నాను. లాక్కోలేదు. రబ్బరుని పైకి లాగి బొటనవేలి దగ్గర కోశాను, తర్వాత చూపుడువేలి దగ్గర. బ్లేడు ఒకచోట చర్మానికి తగిలి సన్నగా రక్తం వచ్చింది. అమ్మకి తెలియనే లేదు. గోరుని ఒకసారి చూసుకుని, కాయ అందుకుని టప్పున తిప్పింది. మేస్త్రి వెళ్ళి టీ తాగొచ్చేసరికి ఒక చేట కాయ తీసేసి ఇంకో చేట పోసుకుంది. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. కోసిన రెండు రబ్బరు ముక్కల్నీ, పిన్ని వాడేసిన గ్లౌజునీ బ్యాగులో వేసుకుని హైదరాబాద్ బస్సెక్కాను. దారిలో ఎక్కడో కళ్ళు తుడుచుకున్నాను, కారం అంటిన ఆ చేత్తోనే. మిగిలిన దారంతా మండుతూనే ఉన్నాయి.

రిపోర్టు మొదటినుంచి మళ్ళీ రాశాను. వైవా రోజు ఆ గ్లౌజుని బల్ల మీద పెట్టాను. కంపెనీ తరఫున వచ్చినాయన పెన్నుతో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఫైలు మూసేశాడు. మేడమ్ అడిగింది, మరి దీనికి పరిష్కారం ఏంటని.

"నాకు తెలీదు మేడమ్. బొటనవేలిని కప్పకూడదు, కాలకూడదు. ఆ వేలి సంగతి ముందు ఆ ఆడవాళ్ళనే అడగాల్సింది. నేను నా స్లైడుని అడిగాను" అన్నాను.

కంపెనీ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఆ తర్వాత ఫలితం కోసం నెలపైన ఎదురుచూశాను. అది మీకు ముందే చెప్పేశాను.

పాసయ్యానంటే అమ్మ వెంటనే ఉద్యోగం అడుగుతుందని పొద్దునంతా ఆగి, మధ్యాహ్నం షెడ్డులో అన్నాలు తిని మళ్ళీ పనిలో కూర్చునే వేళకి ఫోన్ చేశాను. కారం చేతులతో అమ్మ ఫోన్ పట్టుకోదు. పిన్ని ఎత్తి, చెంగుతో పట్టుకుని అమ్మ చెవి దగ్గర పెట్టినట్టుంది. టప్, టప్ అని వినిపిస్తోంది.

"పాసయ్యానమ్మా."

చప్పుడు ఆగింది.

"అదంతా రాసినా పాస్ చేశారా?"

"రాసినా."

"ఉద్యోగం?"

"అది లేదు. వెతుక్కుంటాను."

అవతల పిన్ని గొంతు, "ఏమంటాందే?" అని. "పాసంట" అంది అమ్మ, ఎవరి పిల్ల గురించో చెప్పినట్టు. మళ్ళీ టప్, టప్ మొదలైంది.

"సరే, ఇక పెట్టెయ్. పిన్ని చెయ్యి ఖాళీ లేదు."