ప్రింట్ నొక్కగానే మూసుకునే తెర

2019 నవంబరు, ఒక సోమవారం మధ్యాహ్నం. పలాసలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబ్. అక్కడ ఉన్నవారు: కౌంటర్‌లో కంప్యూటర్ నడిపే సునీత, అక్కుపల్లి నుంచి వచ్చిన గౌరమ్మ, టెక్కలి నుంచి వెళ్లిన నేను. ఆ ల్యాబ్‌కి రిపోర్టుల సాఫ్ట్‌వేర్ రాసింది నేనే. రోజూ డైరీ రాసే అలవాటు వల్ల ఆనాటి మాటలు ఇంకా నా దగ్గర ఉన్నాయి.

కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న మా ఉద్దానంలో క్రియాటినిన్ గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. మూత్రపిండాల పరిస్థితి తెలిపే, ఒకటిన్నర దాటితేనే భయపెట్టే ఆ అంకెను చదువు రానివారు కూడా పోల్చుకుంటారు. తీర గ్రామాల్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవారు చాలామంది. అందుకని సునీత తెరను జనంవైపు తిప్పి, మీది ఏదో మీరే చూపించండి అనేది. పేర్ల పక్కనే అంకెలూ కనిపించేవి.

గౌరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "బాబూ, మా ఆయన రిపోర్టు రేపొత్తాది. మొన్న మా ఆడపడుసు నంబరు ఈ టీవీలో సూసినోల్లు, అది ఇంటికెల్లకముందే ఊరంతా సెప్పేసినారు. ఈయనదీ అలాగే సెప్పేత్తే రేపు సేపలేటకి బోటెవులెక్కనిత్తారు?"

రెండు నిమిషాలు ముట్టుకోకపోతే తెర లాక్ అయ్యేలా నేను ముందే పెట్టాను. మరి ఎందుకు అవడం లేదు? చూస్తే, మౌస్ కింద సునీత చేతిగడియారం ఉంది. సెకన్ల ముల్లు తిరుగుతుంటే మౌస్ కదులుతోందనుకుని కంప్యూటర్ మేలుకునే ఉంటోంది.

"మరేటి సెయ్యమంటారు సార్? ఎదురుగా ఇంత క్యూ. అంత పొడుగు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొడతాను?" అంది.

ఆమె మాటా న్యాయమే. విండోస్‌లో లాక్‌వర్క్‌స్టేషన్ అనే ఆదేశం ఉంది. మన ప్రోగ్రాం దాన్ని పిలిస్తే తెర వెంటనే మూసుకుంటుంది. మొదట దాన్ని సర్వీసులో, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాంలో పెట్టాను. ఏమీ జరగలేదు. సర్వీసుకి వాడేవారి తెరతో సంబంధం ఉండదు. రిపోర్టుల అప్లికేషన్‌లోనే ప్రింట్ మీటకి కలిపాక పనిచేసింది: ప్రింట్ నొక్కగానే, రిపోర్టు తెర మీద మిగలకుండా మూసుకుంది. జాబితాలో అంకెలు తీసేసి, తండ్రి పేరు పెట్టాను. పాస్‌వర్డ్‌కి బదులు నాలుగంకెల పిన్ ఇచ్చాను. తెరను ప్రోగ్రాం మూయగలదు గాని తెరవలేదు. అది మనిషే చెయ్యాలి.

"నాలుగే కదా, కొడతాన్లెండి," అని సునీత గడియారం చేతికి పెట్టుకుంది.

మర్నాడు ఉదయం, ఈ మార్పు ఎలా నడుస్తుందో చూద్దామని నేను ల్యాబ్‌లోనే ఉండగా, గౌరమ్మ, ఆమె భర్త రాములు వచ్చారు. రాములు పనిచేసే బోటు యజమాని అప్పలస్వామి, షుగరు పరీక్షకి వచ్చి కౌంటర్ మీదకి వంగి ఉన్నాడు. కాగితం బయటికొచ్చింది, తెర మూసుకుంది.

"ఏటే గుంటా, టీవీ ఆపేసినావేటి? మావోడి నంబరు సూడనీ," అన్నాడు అప్పలస్వామి సునీతతో.

"అది ఆయన కాగితం మావయ్యా. ఆయన్నే అడుగు."

భార్యాభర్తలు బయట మెట్ల మీద కూర్చుని మాట్లాడుకున్నారు. తర్వాత రాములే లోపలికొచ్చి ఆ కాగితం యజమాని చేతిలో పెట్టాడు.

"నాలుగుంది మావా. ఒకలు సెప్పడమెందుకని నేనే సెప్తన్నాను."

అప్పలస్వామి కాగితాన్ని మడతపెట్టి అతని జేబులోనే దోపాడు. "వల లాగొద్దురా. సుక్కాని కాడ కూకో. మందులు మానేసినావంటే మాత్రం నేనే దించేత్తాను."

సాఫ్ట్‌వేర్ తెరకి ఇటువైపు కూర్చున్నవారికే కాదు, అటువైపు నిలబడ్డవారికి కూడా అని నాకు నేర్పింది గౌరమ్మ. ఆమె చేతులు జోడించబోతుంటే, నేనే ముందు దండం పెట్టాను.