అరటిక్కెట్టుకిచ్చిన గంట తాడు

ఆయన్ని ఎదురుగా అందరూ కండక్టర్ గారనే పిలుస్తారు. వెనకాల మాత్రం జరగండి గారంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సులో "జరగండి, ముందుకు జరగండి" అని అరిచిన నోరది. బస్సు దిగి ఆరేళ్ళయినా ఆ మాట నోటిని వదల్లేదు. పాల దుకాణం దగ్గరైనా, మందుల షాపు దగ్గరైనా ముందు జానెడు ఖాళీ కనబడితే చాలు, వెనక నుంచి అందుకుంటాడు. మేనకోడలి పెళ్ళిలో ఫొటో దిగేటప్పుడు అందర్నీ జరిపి జరిపి చివరికి పెళ్ళికూతుర్నే ఫొటోలోంచి బయటికి పంపించిన ఘనుడు.

ఆయన కుక్క పేరు అరటిక్కెట్టు. ఆఖరి డ్యూటీ రోజున బస్సు డిపోలో పెట్టాక చివరి సీటు కింద దొరికింది. టిక్కెట్టు లేకుండా ఎక్కినవాణ్ణి, సొంత బావమరిదైనా సరే, ఎండలో దించేసిన మనిషి ఆ రోజు ఆ కుక్కపిల్లని చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. అదేమో ఎంత తిన్నా పీట ఎత్తు దాటలేదు. పూర్తి టిక్కెట్టుకి సరిపడా ఎదగలేదు గనక ఆ పేరే ఖాయమైంది. రోజూ సాయంత్రం ఐదింటి నుంచి ఏడింటి దాకా ఇద్దరూ వీధులు కొలిచి వచ్చేవారు.

రెండు నెలల కిందట కలప మిల్లు కాపలా కుక్క గొలుసు తెంచుకుని వచ్చి దాని మీద పడింది. కండక్టర్ గొడుగు మూడు ముక్కలయ్యే దాకా కొట్టి విడిపించాడు. మెడ మీద ఏడు కుట్లు పడ్డాయి. గాయం మానింది గానీ అరటిక్కెట్టు మాత్రం మంచం కింద చేరి కాపురం పెట్టింది. గేటు దాటదు. టీవీలో కుక్క మొరిగినా గోడలోకి దూరిపోయేటట్టు నక్కుతుంది. పెరట్లో బట్టలుతికే బండ వెనక పని కానిచ్చుకుని ఒక్క పరుగున మళ్ళీ మంచం కిందికి వెళ్ళిపోతుంది.

ఈ సంగతి విని కూతురు ఫోన్ చేసింది. మామగారి తోటకి చుట్టూ ఎత్తు గోడ ఉందనీ, లోపల ఇంకో కుక్క లేదనీ, వచ్చే నెల మొదటి ఆదివారం కారులో వచ్చి తీసుకెళ్తాననీ చెప్పింది. భయపడుతూ బతకడం కంటే అదే దానికి మేలు కదా నాన్నా అంది. అందులో తప్పేమీ లేదు, అదే అసలు చిక్కు. తప్పున్న మాటకైతే ఆయన దగ్గర జవాబులు బోలెడు. రెండు రోజుల పాటు ఆయన నోట జరగండి అన్న మాటే రాలేదు. దాంతో భార్యకి నిజంగానే బెంగ పట్టుకుంది. ఆ కుక్క వెళ్ళిపోతే ఈయన కూడా మంచం కిందికి చేరతాడని ఆవిడకి తెలుసు.

పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఏ గొడవా పెట్టుకోని నెమ్మదైన కుక్కని ఒకదాన్ని చూసుకోవాలి. దాన్ని చూసినా అరటిక్కెట్టుకి వణుకు పుట్టనంత దూరంలో నిలబడాలి. చూసినప్పుడల్లా దానికి ఇష్టమైనదేదో నోట్లో పెట్టాలి. రోజులు గడిచే కొద్దీ కాస్త కాస్త దగ్గరికి వెళ్ళాలి. వెనక్కి వెళ్దామంటే వెళ్ళిపోవాలి తప్ప లాగకూడదు.

"ఇంకోటి బాబాయ్ గారూ, తాడు అంత బిగించి పట్టుకోకండి. మీ చెయ్యి వణికితే దానికి తెలిసిపోతుంది" అంది.

కొండ మలుపుల్లో ఫుట్‌బోర్డు మీద నిలబడి టిక్కెట్లు కోసిన చెయ్యమ్మా ఇది అని ఆయన నవ్వాడు. నవ్వుతూ ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

ఆ చుట్టుపక్కల నెమ్మదైన కుక్క ఒక్కటే ఉంది. పక్కన లారీ టైరు పేలినా ఒక కన్ను తెరిచి, అది తనకి సంబంధం లేని విషయమని తేల్చుకుని మళ్ళీ మూసుకునే ముసలి కుక్క. అది ఆయన పాత బస్సు డ్రైవర్‌ది. ఆ కుక్క మాట ఎత్తొద్దన్నాడు కండక్టర్.

ఇద్దరూ తొమ్మిదేళ్ళు ఒకే బస్సు నడిపారు, ఒకే డబ్బాలో అన్నం తిన్నారు. ఒకరోజు మార్కెట్ స్టాపులో ఒక పెద్దావిడ ఎక్కుతుండగానే బస్సు కదిలింది. ఆవిడ పడింది. మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది గానీ విచారణ జరిగింది. గంట కొట్టకముందే బస్సు కదిపాడని కండక్టర్ చెప్పాడు. కదలమని కొట్టే రెండు గంటలూ విన్నాకే కదిపానని డ్రైవర్ చెప్పాడు. పై అధికారులు నమ్మింది కండక్టర్ మాటనే. డ్రైవర్‌ని మూడు నెలలు బస్సుకి దూరంగా డిపోలో కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఇద్దరూ మళ్ళీ అదే బస్సులో రెండేళ్ళు పనిచేశారు, ఒక్క మాట లేకుండా. ఒక గంటకి ఆగడం, రెండు గంటలకి కదలడం. బస్సు నడవడానికి అంతకు మించి మాటలు అక్కర్లేదని అప్పుడే రుజువైంది.

చివరికి భార్యే డ్రైవర్ ఇంటికి వెళ్ళి అడిగింది. బడి పక్క ఆటస్థలంలో రోజూ ఐదున్నరకి తన కుక్కతో వచ్చి సిమెంటు బల్ల మీద కూర్చుంటానన్నాడు. మీ ఆయన కోసం కాదమ్మా, కుక్క కోసం అని మరీ గుర్తు చేశాడు.

కండక్టర్ ఆటస్థలాన్ని స్టేజీలుగా విడగొట్టి కాగితం మీద రాసుకున్నాడు. మొదటి స్టేజి గేటు, రెండోది కుళాయి, మూడోది గోల్‌పోస్టు, ఆఖరుది బల్ల. ఏ స్టేజికి ఎన్నో రోజుకి చేరాలో కూడా రాశాడు. మొదటి రోజు అరటిక్కెట్టుని ఎత్తుకుని గేటు దగ్గర దించాడు. అది వణికింది, అయినా ఉడికించిన కోడి ముక్క ఒకటి తిన్నది. నాలుగో రోజుకి కుళాయి దాకా వచ్చింది. అక్కడ కదలనని కూర్చుంది. ఎనిమిదో రోజుకి గోల్‌పోస్టు అని కాగితంలో ఉంది. కాగితంలో ఉన్నాక ఆయన ఆగుతాడా? "జరుగు, ముందుకు జరుగు" అని తాడు పట్టి లాగాడు. అరటిక్కెట్టు పట్టీలోంచి తల వెనక్కి లాక్కుని ఇంటి దాకా ఒకటే పరుగు. దాని వెనక పరిగెత్తేసరికి ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది. రెండు రోజులు అది మంచం కింద నుంచి ముక్కు కూడా బయట పెట్టలేదు.

బల్ల మీద నుంచి అంతా చూసిన డ్రైవర్, మర్నాడు కూరగాయల బండి దగ్గర కండక్టర్ భార్యతో ఒక మాటన్నాడు. ఆవిడ దాన్ని పొల్లు పోకుండా మోసుకొచ్చి, బట్టలు మడతపెడుతూ భర్తకి అప్పజెప్పింది.

"మీ ఆయన ఎక్కేవాళ్ళు ఎక్కకముందే ఇంకా రెండు గంటలు కొట్టేస్తున్నాడమ్మా, అన్నారండీ."

ఆయన వెళ్ళి మంచం పక్కన నేల మీద బోర్లా పడుకుని కిందికి చూశాడు. చీకట్లోంచి రెండు కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. ఆ కళ్ళ ముందు అబద్ధం ఆడటం కుదరలేదు. ఇక్కడ మనం కూడా నిజం చెప్పుకోవాలి. ఆ రోజు మార్కెట్ స్టాపులో రెండు గంటలు కొట్టింది ఆయనే. వెనక్కి తిరిగి చూడకుండానే కొట్టాడు. ఆ సంగతి భార్యకి కూడా చెప్పలేదు. మంచం కింద ఉన్నదానికి మాత్రం ఆ మధ్యాహ్నం మొత్తం చెప్పేశాడు.

మర్నాడు స్టేజీల కాగితం చింపేశాడు. తాడుని వేళ్ళ మీద ఊరికే ఆనించి పట్టుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ ప్రయాణికుణ్ణీ గంట తాడు ముట్టుకోనివ్వని మనిషి, "ఇకనుంచి తాడు నీదే" అన్నాడు కుక్కతో. అది ఆగితే ఆగాడు. వెనక్కి తిరిగితే తిరిగాడు. ఒకరోజు కుళాయి పక్కన గడ్డి పరక ఒకదాన్ని అది ఇరవై నిమిషాలు వాసన చూస్తే, అంతసేపూ గుడ్లప్పగించి నిలబడ్డాడు. జరగండి గారు ఒకచోట నిలబడ్డారన్న వార్త వీధి చివరి ఇస్త్రీ బండి దాకా పాకింది. కొందరు పనిగట్టుకుని చూడటానికి కూడా వచ్చారు.

కూతురు వస్తానన్న ఆదివారానికి ముందు రోజు, అంటే శనివారం సాయంత్రానికి, అరటిక్కెట్టు గోల్‌పోస్టు దగ్గరికి చేరింది. బల్ల ఇంకా పది అడుగుల దూరంలో ఉంది. బల్ల కింద ముసలి కుక్క, బల్ల మీద డ్రైవర్, ఇద్దరూ ఎటో చూస్తున్నారు. అరటిక్కెట్టు నిలబడిపోయింది. రేపే ఆదివారం. కండక్టర్ నాలుక చివర జరుగు అన్న మాట వచ్చి కూర్చుంది. పెదవులు బిగించి దాన్ని మింగేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెళ్ళిపోదామంటే వెళ్ళిపోదాంలే అని మనసులోనే దానికి చెప్పుకున్నాడు.

అప్పుడు వేళ్ళ మీద తాడు కదిలింది, ముందుకి. కాస్త ఆగి మళ్ళీ కదిలింది.

అరటిక్కెట్టు పొట్ట నేలకి రాసుకుంటూ ఒక్కో అడుగే వేసింది. ముసలి కుక్క ఒక కన్ను తెరిచి, ముక్కు చాచి, ఏడు కుట్ల మచ్చని వాసన చూసి, మళ్ళీ కన్ను మూసుకుంది. అరటిక్కెట్టు కాళ్ళ మధ్య దాక్కున్న తోక మెల్లగా బయటికొచ్చి ఒకసారి ఊగింది.

తాడు రెండో చివర ఉన్న మనిషికి అప్పుడు గానీ తెలిసిరాలేదు, తను డ్రైవర్ మోకాళ్ళ దగ్గర నిలబడి ఉన్నానని.

"ఆ రోజు రెండు గంటలూ నేనే కొట్టాను. ఆవిడ ఎక్కిందో లేదో చూడలేదు" అన్నాడు.

డ్రైవర్ వంగి ముసలి కుక్క చెవి గోకాడు.

"తెలుసు. విన్నది నేనే కదా" అన్నాడు. "ఎనిమిదేళ్ళు. మరీ ఇంత లేటా?"

డ్రైవర్ ఎవరూ చెప్పకుండానే బల్ల మీద పక్కకి జరిగాడు.

ఆదివారం సాయంత్రం కూతురు కారులో వచ్చింది. మంచం కింద వంగి చూసింది. దుమ్ము తప్ప ఏమీ లేదు. తండ్రి చెప్పులూ లేవు. ఎప్పుడొస్తారని తల్లిని అడిగింది.

"ఐదింటికి వెళ్ళారు. ఎప్పుడొస్తారో కుక్కనే అడగాలమ్మా" అంది తల్లి.