ఊడ్చిన పెరడు

నాంపల్లిలో నుమాయిష్ మైదానం వెనక సందులో మేం పై అంతస్తులో కిరాయికుండే ఇల్లు విమలక్కది. ఆబిడ్స్‌లో ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పి రిటైరయింది. ముగ్గులేని వాకిలి చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు ప్రతి ఆదివారం రశ్మి నడిపే, పిట్టలు చూసేవాళ్ల బృందంతో బైనాక్యులర్స్ మెడలో వేసుకుని ఊరవతలికి పోయేది. మోకాళ్లు మొరాయించాక అది ఆగింది. "మీరు పోయిరాండ్రి" అని వాళ్లకు చెప్పి, ఫోన్ పెట్టేసి, రోజంతా నామీద చిరాకు పడేది. చివరికి వాళ్లు పిలవడం కూడా మానేశారు.

వెనక పెరట్లో బాదం ఆకులు పేరుకుపోయాయి. ఆమె వంగి ఊడ్వలేదు, ఇంకొకరు ఊడిస్తే నచ్చదు. పరువు పోతుందని ఎవరొచ్చినా పెరటి తలుపు తీసేది కాదు.

మొన్న ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం మెట్ల కింద నుంచి పిలిచింది. "హైందవీ, జర మెల్లగ రా!"

దిగి వెళ్లి ఆమె వంటింటి కిటికీలోంచి పెరట్లోకి చూశాను. మైనా అంత పిట్ట, తోక ఉందా లేదా అన్నట్టుంది. ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం, తోక కింద ఎరుపు. ఎండుటాకులు ఒక్కొక్కటే తిరగేసి పురుగులు ఏరుకుంటోంది.

"నౌరంగ్! ఎండాకాలం ఉత్తరానికి పోతది. అలసిపోయి మనింట్ల దిగింది. ఎన్ని అడవులు తిరిగిన, ఎన్నడు కనవడలే." ఇంకా గొంతు తగ్గించింది. "రశ్మికి ఫోన్ చేసిన. రేపు పొద్దుగాల అందరొస్తరట. నా ఇంటికి!"

ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె ముఖం చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఆ పిట్ట రేపటిదాకా ఉంటే బాగుండునని దండం పెట్టుకున్నాను.

పొద్దున దిగి చూస్తే పెరడు అద్దంలా ఉంది. అక్క మోకాళ్లకు పట్టీలు బిగించి, తానే ఊడ్చి, కళ్లాపి చల్లి, పద్మం ముగ్గేసింది. "చుట్టాలొస్తున్రు గద!" అంది. బాగుందని నేనూ మెచ్చుకున్నాను.

రశ్మి బృందంలోని మరో ముగ్గురితో వచ్చింది. రెండోసారి చాయ్ కూడా అయింది. పిట్ట జాడ లేదు. ఒకాయన వాచీ చూసుకున్నాడు. అక్క ముఖం వాడిపోయింది.

"మేడం, నిన్న గీడ ఏం చేస్తుండె?" అని అడిగింది రశ్మి.

"ఆకులు తిప్పుకుంట పురుగులు..." అక్క సగంలో ఆగి నున్నటి నేల వైపు చూసింది. "అయ్యో, ఇగ ఏం తిప్పుతది? అన్నీ నేనే ఎత్తి పారేస్తి!"

ఆకుల సంచి గేటు దగ్గరుంది. అప్పుడే సందులో చెత్త ఆటో పాట వినిపించింది. "ఉరుకున్రి!" అని అక్క అరిచింది. ఆటోలోకి ఎక్కుతున్న సంచిని రశ్మి పట్టి లాక్కొచ్చింది. అక్క తన చేత్తోనే, గుప్పెళ్లతో, ముగ్గు మీద ఆకులు పరిచింది.

అందరం ఒక్క కిటికీకి అతుక్కున్నాం. ఎండ ముదిరింది. మందారం చెట్టు వెనక నుంచి నౌరంగ్ ఎగిరెగిరి వచ్చి, పద్మం నడిమధ్య ఒక ఆకు తిరగేసింది. కెమెరాలు ఎవరికీ గుర్తు రాలేదు. రశ్మి అక్క చెయ్యి పట్టుకుంది.

"నేను గూడ ఇదే మొదలు చూసుడు, మేడం. ఇగ ప్రతి ఎండాకాలం గీడనే కలుద్దాం."

ఆ సాయంత్రం అక్క మెట్లెక్కి పైకొచ్చింది, మోకాళ్లను తిట్టుకుంటూనే. పెద్ద చీపురు నా చేతిలో పెట్టింది.

"మీ ఇంట్ల దాచి పెట్టు. నా దగ్గరుంటే చెయ్యి ఊకోదు."