పాటకు ఎన్ని సుట్లు?

పాట ఆగగానే పాప, తల్లి చేతిలోని అన్నం ముద్దను తోసేసింది. ముదిగుబ్బలోని ఆ సెల్‌ఫోన్ దుకాణంలో నేను నా ఫోన్ అద్దం మార్పించుకుంటూ ఇది చూశాను.

వాళ్లింట్లోని పాత వీడియో గేమ్‌లో ఒక పాట వస్తుంటేనే పాప తినేది. ఆ పెట్టె చెడిపోతోందని, పాటను ఫోన్‌లోకి మార్చమని తల్లి వచ్చింది. ఆటలో పాటకు ముగింపు ఉండదు, తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. ఎంపీత్రీగా మార్చాలంటే ఎక్కడో ఆపాలి. అందుకే ఇలాంటి ఆటల పాటలు మార్పించుకోవడానికి ఎవరొచ్చినా దుకాణం భాయ్ గాలిలో వేలు తిప్పుతూ "ఎన్ని సుట్లు?" అని అడిగేవాడు. అందరిలాగే ఆమె కూడా రెండు చాలన్నది. ఆ రెండూ అయిపోయే పాట ఆగింది.

ఇప్పుడు భాయ్ నవ్వాడు. "రెండు సుట్లకు అన్నం యాడ అయితాదమ్మా? పాప తినేదానికి ఎంతసేపు?"

"అర్ధగంటన్నా."

"గంటకు ఏస్తా. నిదానంగా నమలనీ."

కొత్త ఫైలు మోగుతుండగా అన్నం డబ్బా ఖాళీ అయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు, నిరుడు నేను మళ్లీ ఆ దుకాణానికి వెళ్లినప్పుడు ఆమె ఫోన్ బాగుచేయించుకోవడానికి వచ్చింది.

"పాట లేకుండా తింటాందా?" అన్నాడు భాయ్.

"ఇంతవరకూ ఆపి చూడలేదన్నా. భయం" అన్నదామె.